బూజు మందు, తెల్ల సీసా

ఆ పొద్దున నా వేళ్లు ఆకు కొసను మడవలేదు. నా జబ్బు గురించి ఎవరు అడిగినా నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. డాక్టర్లు మాత్రం కాళ్ల వాపు దగ్గర మొదలుపెడతారు. వాళ్లకు కాళ్లు ముఖ్యం, నాకు వేళ్లు.

నా పేరు స్వరూప. మాది ఎల్లారెడ్డి. నా భర్త సీను రైస్ మిల్లులో పనిచేస్తాడు. నేనూ, మా అత్తమ్మ నర్సవ్వా బీడీలు చేస్తాం. వంట పని కాగానే మా ఇంటి అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు కూడా వాళ్ల చాటలతో అక్కడికే వస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొసను లోపలికి మడిచి దారం కట్టాలి. పిట్లంలో మా అమ్మ దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్న పని. టీవీ చూస్తూ చేస్తాను, అత్తమ్మతో గొడవ పడుతూ చేస్తాను. అలాంటిది ఆ వానాకాలం పొద్దున వేళ్లు కొయ్యబారిపోయి, మడిచిన కొస మడిచినట్టే విచ్చుకుంది.

"వానకు వాతం బట్టింది. జర నూనె రాసుకో" అంది అత్తమ్మ.

రాసుకున్నాను. తగ్గలేదు. మా వాడలోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే నొప్పి గోలీలు, వాటితో పాటు గ్యాస్ గోలీలు ఇచ్చాడు. గోలీ వేసుకున్న పూట వేళ్లు వంగేవి, మర్నాడు మళ్లీ బిగుసుకుపోయేవి. అలా చాలా రోజులు ఆ గోలీల మీదే నెట్టుకొచ్చాను. కిడ్నీలకు అవి ఎంత చెరుపు చేస్తాయో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

తర్వాత కాళ్లు ఉబ్బాయి. రోజంతా కాళ్లు మడిచి కూర్చునే పని కాబట్టి అందుకే అనుకున్నాం. ఒకరోజు మెట్టెలు వేళ్లలోకి దిగబడిపోయి, ఎంత సబ్బు రాసినా రాలేదు. నగలు చేసే అవుసులాయన దగ్గరికి వెళ్లి కత్తిరించుకోవాల్సి వచ్చింది. అత్తమ్మ నా కాళ్ల కంటే ఆ తెగిన మెట్టెల గురించే ఎక్కువ బాధపడింది. నేను మాత్రం ఇంకో సంగతి దాచిపెట్టాను. మూత్రానికి వెళితే సబ్బు నీళ్లలా నురగ వస్తోంది. అది ఎవరితో చెప్పుకోను? ఒకనాడు పొద్దున లేచి అద్దం చూసుకుంటే కళ్లు సగమే తెరుచుకున్నాయి, ముఖం ఇంకెవరిదో అనిపించింది. సీను నన్ను చూసి చాయ్ కూడా తాగలేదు.

"పా, కామారెడ్డి పోదాం" అన్నాడు.

కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యూరిన్ టెస్టు, బ్లడ్ టెస్టు చేశారు. ప్రొటీన్ బాగా పోతోందన్నారు, క్రియాటినిన్ కూడా ఉండాల్సిన దాని కంటే ఎక్కువ ఉందన్నారు. హైదరాబాద్ నుంచి వారానికోసారి అక్కడికి వచ్చే కిడ్నీ డాక్టర్ మేడం దగ్గరికి పంపారు. మేడం ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది. వేళ్లు చూసింది, బుగ్గల మీది ఎర్ర మచ్చలు చూసింది. ఏఎన్‌ఏ అని ఇంకో టెస్టు రాసింది. అది పాజిటివ్ రావడంతో హైదరాబాద్‌లో బయాప్సీ చేయించారు. బోర్లా పడుకోబెట్టి, నడుము దగ్గర మత్తిచ్చి, సూదితో కిడ్నీ ముక్క తీశారు. నొప్పి కంటే ఆ సూది యంత్రం చేసిన టక్‌మనే చప్పుడే నాకు బాగా గుర్తుంది.

"లూపస్ నెఫ్రైటిస్, క్లాస్ ఫోర్" అంది మేడం రిపోర్టు చూసి. "మన ఒంట్లో జబ్బులతో పోరాడే కణాలుంటాయి. నీ కణాలు పొరపాటుపడి నీ కిడ్నీల మీదే దాడి చేస్తున్నాయి. ఆపకపోతే డయాలసిస్ దాకా పోతుంది. పిల్లలున్నారా?"

"లేరు మేడం. రెండుసార్లు కడుపు నిలిచి, నడుమనే పోయినయి."

మేడం పెన్ను పక్కన పెట్టింది. "అయితే ఇది జాగ్రత్తగా విను. నీకు ప్రెడ్నిసొలోన్ అని స్టెరాయిడ్ ఇస్తాను, మెల్లగా తగ్గిస్తాను. అసలు మందు మైకోఫినోలేట్. అది వాడుతున్నన్నాళ్లు గర్భం రాకూడదు, వస్తే పిండానికి ప్రమాదం. కిడ్నీలు నిమ్మళించి, చాలా కాలం అలాగే ఉంటే, అప్పుడు మందు మారుస్తాను. పిల్లల మాట అప్పుడు మాట్లాడుకుందాం."

ఆ చివరి మాటను పట్టుకునే నేను బతికాను. డయాలసిస్ అంటే భయం లేదని కాదు. కానీ రెండుసార్లు చేతికి రాకుండా పోయినదాన్ని మళ్లీ అడగడానికి ఒక దారి ఉందని ఆ మాటతోనే తెలిసింది.

సీనుకు ఏ వస్తువైనా దేనితో చేశారో తెలియాలి. ఆ రోజు కూడా ఊరుకోలేదు. "గీ గోలీ దేంతోని జేస్తరు మేడం?" అని అడిగాడు.

మేడం మొదటిసారి కాస్త నవ్వింది. "బూజుతో. ఈ మందు మొదట దొరికింది ఒక రకం బూజులోనే. పెన్సిలియం జాతిది." నా వైపు తిరిగి, "నువ్వేం పని చేస్తావు?" అంది.

"బీడీలు జేస్త మేడం."

"ఆకు ఉంది, దారం ఉంది, చేతులున్నాయి. తంబాకు రాలేదు. ఎన్ని బీడీలు చేస్తారు?"

"ఏం జేస్తం, చేతులు ముడుచుకొని కూసుంటం."

"అంతే. కిడ్నీల మీద దాడి చేసే ఆ కణాలు ఒకటి రెండు కావాలంటే లోపల సరుకు తయారవ్వాలి. ఆ సరుకు తయారుచేసేది ఒక ఎంజైమ్. ఈ మందు ఆ ఎంజైమ్‌ను కదలనివ్వదు. ఒంట్లో మిగతా కణాలు చాలావరకు పాత సరుకుతో సర్దుకుంటాయి, వీటికి ఆ తెలివి లేదు. అందుకే ఇవే ఆగిపోతాయి. పరగడుపున వేసుకో, ఒక్క పూట కూడా తప్పొద్దు. వేరే మందులేమైనా వాడుతున్నావా?"

"నొప్పి గోలీలు బంద్ జేసిన మేడం. ఇంకేం లెవ్వు."

"ఛాతీలో మంట లాంటిదేమైనా ఉందా?"

"లేదు మేడం."

అబద్ధం ఆడలేదు. మా అరుగు మీద మంట లేని మనిషి లేదు. తంబాకు దుమ్ము మింగీ మింగీ, తిండి వేళకు తినకా అందరికీ గొంతు దాకా మండుతుంది. అది జబ్బని మేం ఎవరం అనుకోలేదు, ఎండకు చెమట పట్టినట్టు అదీ ఒకటి. దానికోసం అరుగు మీద ఎప్పుడూ ఒక పెద్ద సీసా ఉంటుంది, పాలలా తెల్లగా, సుద్దలా చిక్కగా ఉండే గ్యాస్ మందు. ఒక నెల పక్కింటి బాలమణి తెస్తుంది, ఒక నెల అత్తమ్మ తెస్తుంది. చాయ్ తిరిగినట్టు ఆ సీసా మూత చేయి మారుతుంది. దాన్ని మేం మందు అని లెక్కపెట్టం. లెక్కపెట్టని దాని గురించి ఎవరైనా అడిగితే గుర్తెట్లా వస్తుంది?

ఇంటికి వచ్చి అత్తమ్మకు అన్నీ చెప్పాం. లూపస్ అన్న మాట ఆమెకు ఎక్కలేదు గానీ బూజు అన్న మాట ఎక్కింది. బీడీలు చేసేవాళ్లకు బూజు అంటే ఒళ్లు మంట. వానాకాలం ఆకు కట్టలకు బూజు పడితే తుడిచి తుడిచి చేతులు పోతాయి, అయినా కొంత ఆకు దండుగ అవుతుంది.

"బూజు కడుపుల బడితే పేగులు ఆగమైతయి. పరగడుపున ఎట్ల మింగుతవే?" అంది.

"మేడం గట్లనే చెప్పింది అత్తమ్మా."

"పరగడుపుననే మింగు, అన్నం తినకు. కాని ముందుగాల ఇంత తెల్లమందు తాగు. కడుపుల పూత బోసినట్టు ఉంటది."

నాకూ అది సబబుగానే తోచింది. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం అత్తమ్మ తన చేత్తో మూతకు నిండుగా తెల్లమందు పోసి ఇచ్చేది. అది తాగి, వెంటనే గోలీ వేసుకునేదాన్ని. మా ఇంట్లో ఆ గోలీకి బూజు మందు అనే పేరు పడిపోయింది. అత్తమ్మ ఒక్క పూట కూడా మరిచిపోలేదు. ఆమెకు నా మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, మాకు పడకపోవడం వేరే విషయం.

మొదట్లో బాగానే ఉంది. వాపు దిగింది, వేళ్లు వంగాయి, నురగ తగ్గింది. స్టెరాయిడ్ వల్ల ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. మేడం రిపోర్టులు చూసి తల ఊపి స్టెరాయిడ్ తగ్గిస్తూ వచ్చింది. అది తగ్గేకొద్దీ నురగ మళ్లీ మొదలైంది. రిపోర్టులో ప్రొటీన్ మళ్లీ పైకి పోయింది. మేడం మైకోఫినోలేట్ డోసు పెంచింది. అయినా పైకే పోయింది.

అప్పుడు రక్తంలో ఆ మందు ఎంత ఉందో చూసే పరీక్ష కోసం హైదరాబాద్ పంపించింది. రిపోర్టు వచ్చాక నన్ను కూర్చోమంది. గొంతు మారింది.

"స్వరూపా, గోలీలు వేసుకుంటున్నావా?"

"ఏస్కుంటున్న మేడం."

"ఈ డోసుకు రక్తంలో ఉండాల్సినంత మందు లేదు. చాలా తక్కువ ఉంది. మధ్యలో మానేస్తే నాకు చెప్పు, తిట్టను. కానీ తెలియాలి."

"ఒక్క పూట గుడ తప్పలే మేడం."

మేడం సీను వైపు చూసింది. సీను నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. బస్సు లింగంపేట దాటాక అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "నిజంగనే ఏస్కుంటున్నవా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెబితే బస్సులో అందరూ వినేలా చెప్పేదాన్ని.

ఇంట్లో అసలు మాట అత్తమ్మ నోట్లోంచి వచ్చింది. కొడుకుతో వంటింట్లో మెల్లగా అంటోంది, నేను బయట బట్టలు ఆరేస్తూ విన్నాను.

"గోలీ ఏస్కుంటే కడుపు రావద్దన్నది గద ఆ డాక్టరమ్మ. పిల్లగావాలని బంద్ వెట్టినట్టుంది రా. నోట్లె ఏస్కొని బైట ఉంచుతున్నదేమో."

చేతిలో ఉన్న తడి బట్ట అలాగే పట్టుకుని నిలబడ్డాను. నాకు పిల్ల కావాలన్నది నిజం. దానికోసమే పొద్దునా సాయంత్రం ఆ గోలీ మింగుతున్నాను. దానికోసమే దొంగతనంగా మానేస్తున్నానని వీళ్లు అనుకుంటున్నారు. ఎవరికి ఎట్లా చెప్పాలి? లోపలికి వెళ్లి అత్తమ్మతో, "నోరు తెరిచి చూయిస్త, రోజూ చూడు" అన్నాను. కోపంతో అన్న మాటను ఇద్దరూ నిజంగానే పట్టుకున్నారు. మర్నాటి నుంచి సీను మిల్లుకు వెళ్లే ముందు నా ఎదురుగా నిలబడేవాడు. అత్తమ్మ తెల్లమందు పోసి ఇచ్చేది, నేను తాగేదాన్ని, గోలీ వేసుకునేదాన్ని, నీళ్లు తాగి నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించేదాన్ని. పెళ్లయిన ఆడదాన్ని, చిన్నపిల్లకు చూసినట్టు నోరు చూస్తుంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ముగ్గురం రోజూ ఆ మూత చూశాం. ముగ్గురిలో ఎవరికీ అది కనబడలేదు.

తర్వాతి రిపోర్టు ఇంకా చెడ్డగా వచ్చింది. ఈసారి క్రియాటినిన్ కూడా కదిలింది. సీను ముందుకు వంగి, "నేనే దగ్గరుండి ఏపిస్తున్న మేడం. ఆమె తప్పు లేదు" అన్నాడు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. మేడం నమ్మింది. నమ్మాక పరిస్థితి ఇంకా ఇబ్బంది అయింది.

"అయితే ఈ మందు నీకు పని చేయడం లేదని అనుకోవాలి. సైక్లోఫాస్ఫమైడ్ అని ఇంజెక్షన్ ఉంది, సెలైన్‌లో ఎక్కిస్తాం. బలమైన మందు. కిడ్నీ నిలబడే అవకాశం ఉంది. కానీ అండాలు దెబ్బతినవచ్చు. తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. అందరికీ అలా కాదు, కానీ నీకు చెప్పకుండా ఎక్కించను."

"ఎక్కియ్యకుంటే?"

"కిడ్నీలు పోతే డయాలసిస్. అప్పుడూ పిల్లల మాట కష్టమే."

వచ్చే వారం చేరమంది. ఆ వారం ఎలా గడిచిందో చెప్పడం నాకు రాదు. పొద్దున లేవగానే మూత్రంలో నురగ చూసుకునేదాన్ని, తగ్గిందేమోనని. అరుగు మీద బాలమణి మనవరాలు పాకుతూ వచ్చి నా చాట అంచు పట్టుకుని నిలబడితే, ఆ పిల్లను ఎత్తుకోకుండా లోపలికి వెళ్లిపోయాను. అత్తమ్మ చూసింది. ఆ వారం మేం గొడవ కూడా పడలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది.

చేరాల్సిన రోజు పొద్దున్నే మొదటి బస్సుకు ముగ్గురం కామారెడ్డి వెళ్లాం. వార్డులో మంచం ఇచ్చారు, చేతికి సూది పెట్టారు. సెలైన్ స్టాండు తెచ్చి పక్కన నిలబెట్టారు. మేడం వచ్చి కేసు షీటు చూసి, మంచం పక్కన నిలబడింది.

"స్వరూపా, చివరిసారి అడుగుతున్నాను. ఇది ఎక్కించాక వెనక్కి తీసుకోలేం. గోలీలు సరిగ్గా వేసుకున్నావు కదా?"

అంతమంది ముందు, చేతికి సూదితో, మళ్లీ అదే ప్రశ్న. ఇన్నాళ్లూ మింగుకున్న కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"ఎంత చెప్పినా నమ్మరా మేడం? పొద్దటి గోలీ ఇంకా ఏస్కోలె. మీ కండ్ల ముందట్నే ఏస్కుంట, చూడుండ్రి. అత్తమ్మా, ఇటియ్యి."

అత్తమ్మ సంచిలోంచి గోలీల పట్టీ తీసింది. అలవాటు ప్రకారం సీసా కూడా తీసింది. మూతకు నిండుగా తెల్లమందు పోసి నా చేతికిచ్చింది. నేను మేడం కళ్లలోకి చూస్తూ మూత నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

"ఆగు" అంది మేడం. "అదేంటి?"

"ఏం లేదమ్మా, గ్యాస్ మందు" అంది అత్తమ్మ.

"రోజూ తాగుతుందా?"

"మేమందరం తాగుతం. ఇది మందు గాదు గదమ్మా."

"గోలీకి ముందా, తర్వాతా?"

"ముందుగాలనే. బూజు మందు గద, కడుపు కరాబు గావద్దని పూత లెక్క పోస్తున్న. ఒక్క పూట గుడ ఇడువలే."

మేడం సీసా తీసుకుని చదివింది. తర్వాత నా మంచం మీదే కూర్చుంది. డాక్టరు రోగి మంచం మీద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇందులో అల్యూమినియం, మెగ్నీషియం ఉన్నాయి" అంది చివరికి. "మైకోఫినోలేట్ కడుపులోకి వెళ్లగానే ఇవి దాన్ని పట్టుకుంటాయి. కడుపులో పులుపు కూడా తగ్గిపోతుంది కాబట్టి ఆ మందు సరిగ్గా కరగదు. గోలీ నువ్వు మింగుతూనే ఉన్నావు. అందులో చాలా భాగం రక్తంలోకి పోవడం లేదు." కాస్త ఆగి, "మంట ఉందా అని అడిగాను. ఇంట్లో ఏమేం తాగుతారని కూడా అడగాల్సింది" అంది.

సీను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అత్తమ్మ చేయి అలాగే చాచి ఉంది, సీసా కోసం.

"అయితే ఇంజెక్షన్ వద్దా మేడం?" అన్నాను.

"అంత తొందరగా చెప్పలేను." మేడం బయటికి వెళ్లి ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. ఆ సేపంతా నేను ఆ సెలైన్ స్టాండునే చూస్తూ కూర్చున్నాను. తిరిగి వచ్చి చెప్పింది. స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కిస్తారు. తెల్లమందు పూర్తిగా బంద్. మైకోఫినోలేట్ ఒక్కటే, మంచినీళ్లతో. మంటకు ఆమె రాసిన గోలీయే, ఆమె చెప్పిన వేళకే. కొన్ని వారాలు చూస్తారు. "ఇలా ఆగడం కూడా ప్రమాదమే, అది తెలుసుకో. ఈ లోపల క్రియాటినిన్ పెరిగితే ఇక మాటల్లేవు, ఇంజెక్షన్ ఎక్కించేస్తాను. సరేనా?"

సరే అన్నాను. నాకు కావాల్సింది ఒక్క అవకాశం.

డిశ్చార్జి అయ్యి వస్తుంటే అత్తమ్మ బస్సులో ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తాడ్వాయి దగ్గర మెల్లగా అంది. "నేనే పోసిన గద బిడ్డా. నా చేతితోనే పోసుకుంట, నువ్వు మింగుతలేవని అన్న."

నేను ఓదార్చలేదు. నాకు కోపం పోలేదు, అప్పుడే పోదు కూడా. అయినా ఆమె చేతులు చూస్తే జాలేసింది. ఇన్నేళ్లు తంబాకుతో పసుపెక్కిన వేళ్లు ఆ సీసా మూతను ఊరికే తిప్పుతున్నాయి. ఆమె భుజం మీద తల పెట్టుకుని పడుకున్నాను.

ఆ వారాలు ఇంకో రకం నరకం. ఛాతీ మండేది, తెల్లమందు కళ్ల ముందు తిరిగేది. అరుగు మీద బాలమణి అలవాటుగా మూత నా ముందుకు చాచితే, అత్తమ్మ అడ్డంగా చేయి పెట్టేది. నేను గోలీ వేసుకునే వేళకు లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని. కాళ్లు నొక్కి చూసుకునేదాన్ని, గుంట పడుతోందా, ఎంతసేపటికి పూడుతోంది అని. సీను ఇప్పుడు నా నోరు చూడటం మానేశాడు. దానికి బదులు కాళ్లు చూసేవాడు, చూస్తున్నట్టు తెలియకుండా.

రిపోర్టు రోజు మేడం కాగితం తిప్పి తిప్పి చూసింది. క్రియాటినిన్ పెరగలేదు. ప్రొటీన్ కొద్దిగా తగ్గింది. "కొద్దిగానే" అంది మేడం. "కానీ రక్తంలో మందు ఇప్పుడు సరిగ్గా ఉంది. ఇంకొన్నాళ్లు చూద్దాం." తర్వాతి నెల ఇంకాస్త తగ్గింది. ఆ తర్వాతి నెల మేడం ఇంజెక్షన్ మాట ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు.

అక్కడితో అంతా సాఫీగా సాగలేదు. ఒంట్లో పోరాడే కణాలు తగ్గితే బయటి జబ్బులు సులువుగా అంటుకుంటాయి. ఒక చలికాలం న్యుమోనియా వచ్చి కామారెడ్డిలో పడుకున్నాను, ఊపిరి అందక భయపడ్డాను. అప్పుడు మేడం ఇంకో సంగతి చెప్పింది. తంబాకు దుమ్ముకూ, బూజు పట్టిన ఆకుకూ దూరంగా ఉండాలట. బూజులోంచి వచ్చిన మందు తింటూ బూజుకు దూరంగా ఉండాలి. సీనుకు ఇది అర్థమయ్యేలా చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నేను బీడీలు మానేశాను. ఇప్పుడు ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతున్నాను. అరుగు మీది మాటలు కిటికీలోంచి వింటూ కుడతాను, మధ్యలో నా మాట కూడా వేస్తాను.

చాలా కాలం రిపోర్టులు నిమ్మళంగా ఉన్నాక, ఒకరోజు మేడం నేను అడగకముందే ఆ మాట ఎత్తింది. మైకోఫినోలేట్ ఆపి అజాథయోప్రిన్ అని వేరే మందు పెట్టింది. దాని మీద కిడ్నీలు నిలబడతాయో లేదో కొన్ని నెలలు చూసింది. నిలబడ్డాయి. తర్వాత, "ఇప్పుడు ప్రయత్నించవచ్చు" అంది. గది బయటికి వచ్చాక సీను నా చేతిలోని ఫైలు తీసుకుని పట్టుకున్నాడు.

ఇది రాస్తున్నప్పుడు నాకు ఆరో నెల. లోపల కదులుతోంది. నిలుస్తుందా, కిడ్నీలు ఈ బరువు మోస్తాయా అని ప్రతి చెకప్‌కూ భయపడుతూనే వెళుతున్నాను. బీపీ చూస్తారు, యూరిన్ చూస్తారు, స్కానింగ్ చేస్తారు. మేడం "ఇప్పటిదాకా బాగుంది" అంటుంది. అంతకు మించి అనదు, అనాలని నేనూ అడగను.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగితే నోటితో జవాబు చెప్పి ఊరుకోకండి. మీ నోట్లోకి పోయేవన్నీ, మీరు మందని అనుకోనివి కూడా, సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. దేని తర్వాత ఏది వేసుకుంటారో చేసి చూపించండి. నేను కోపంతో చూపించాను కాబట్టి బయటపడింది. మీరు నిమ్మళంగా ఉన్నప్పుడే చూపించండి.

కడుపుతో ఉన్నప్పుడు ఛాతీ మంట ఎక్కువవుతుందట. నిన్న కుట్టు మిషన్ దగ్గర తట్టుకోలేక, వాళ్లు చాటలు సర్దేశాక అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. బాలమణి నా ముఖం చూసి, "జరంత తెల్లమందు తాగు, ఇప్పుడు బూజు మందు లేదు గద" అంది. నిజమే, ఇప్పుడు ఆ గోలీ లేదు. నేను చేయి చాచాను. అత్తమ్మ సీసాను నా కంటే ముందే అందుకుంది.

"ఎల్లుండి కామారెడ్డి పోతున్నం గద. మేడంను అడిగినంక తాగుదువు" అంది.

సీసా తీసుకెళ్లి నా రిపోర్టుల సంచిలో పెట్టింది. కొత్త సీసా, మూత ఇంకా తీయలేదు.